కోడలి జీవశాస్త్రం

ఈ నెల మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకోవాలనుకుంటున్నాము. ఇందులో మా తప్పు కూడా ఉంది గనుక దాచకుండా చెప్పడమే మంచిదని మా ఇద్దరికీ తోచింది.

మా పెద్ద కోడలు బై.పి.సి.తో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. పెళ్ళితో చదువు ఆగిపోయింది. పిల్లలిద్దరూ బడికి వెళ్ళడం మొదలయ్యాక డిగ్రీ చదువుతానని అడిగింది. రోజూ కాలేజీకి వెళ్ళే వీలు లేదు. అందుచేత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఎస్సీ.కి చేరింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాదులో మొదలైన ఈ సంస్థ మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇప్పటి పేరు 1991లో వచ్చింది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం తీసుకుంది. తెలుగులో ఉన్న పుస్తకాలు చేతికి వచ్చిన రోజున వాటికి అట్టలు వేసుకుంటూ చిన్నపిల్లలా సంబరపడింది.

దూరవిద్య అంటే ఇంట్లో కూర్చుని చదువుకునేదే గదా, ఇంటి పనికి ఏ లోటూ రాదని మేము అనుకున్నాము. రాత్రి గిన్నెలు సర్దిన తరువాత పది గంటలకు ఆమె పుస్తకం తెరిచేది. మైటోకాండ్రియా, రైబోసోములు, అంతర్జీవద్రవ్యజాలం అంటూ ఎక్కం అప్పగించినట్టు వల్లె వేసేది. తెల్లవారేసరికి సగం మరచిపోయేది.

ఆ ఏడాది ప్రాక్టికల్ క్లాసులు జరిగే వారంలోనే మా చిన్నమ్మాయి గృహప్రవేశం వచ్చింది. "పుస్తకంలో బొమ్మలున్నాయి గదమ్మా, చూసి నేర్చుకోవచ్చులే, పని చేసే చేతులు కావాలి" అన్నాము. "సరే మామయ్యా" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఫలితాలు వచ్చినప్పుడు వ్రాత పరీక్షలన్నీ గట్టెక్కింది, ప్రాక్టికల్స్ మాత్రం మిగిలిపోయాయి. ఆ సాయంత్రం మా ఎదుట కన్నీరు పెట్టలేదు, ఎప్పటిలాగే టీ తెచ్చి ఇచ్చింది. ఆ టీ మా గొంతు దిగలేదు.

మరుసటి ఏడాది ముందుగానే పనులు పంచుకున్నాము. ప్రాక్టికల్స్ జరిగినన్నాళ్ళు వంట అత్తయ్యది, పిల్లల టిఫిను డబ్బాలు, బడి మామయ్యవి. మా అబ్బాయి ఆమెను ఉదయం బస్సు ఎక్కించి, సాయంత్రం ఎదురు వెళ్ళేవాడు.

మొదటి రోజు తిరిగి వచ్చి భోజనాల దగ్గర ఆమె చెప్పిన మాటలు మాకు ఇంకా గుర్తున్నాయి. ఉల్లిపాయ రెబ్బ లోపలి పలుచని పొర తీసి, గాజు పలకపై పరచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశారట. నల్లని అంచుతో చక్కని గుండ్రని ఆకారం కనబడితే, అదే కణమనుకుని ఎంతో శ్రద్ధగా బొమ్మ గీసిందట. మేడమ్‌గారు వచ్చి చూసి, "అది గాలి బుడగమ్మా" అన్నారట. పలక జరిపి చూస్తే, ఇటుకలు పేర్చిన గోడలాగా వరుసలుగా కణాలు, ఒక్కొక్కదానిలో ఒక చుక్కలాగా కేంద్రకం! "పుస్తకంలో గాలి బుడగ బొమ్మ ఉండదు గదా అత్తయ్యా" అని నవ్వింది. ఆ మాటతో మాకు విషయం బోధపడింది. పొరపాటు పడి, దిద్దుకుని, మళ్ళీ చూస్తేనే ఈ చదువు వంటబడుతుంది. ఫోనులో ఎన్ని పాఠాలు విన్నా ఆ పని జరగదు.

1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో ఖాళీ గదుల వంటివి చూసి, వాటికి చిన్న గది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడట. మా ఇంట్లో ఆ గదులు వంటింటిలోనే దొరికాయి. బెండకాయను అడ్డంగా కోసి మాకు చూపించింది. సాధారణంగా ఐదు గదులు, గింజలు మధ్య స్తంభానికి అంటుకుని ఉంటాయి. పెరటి మందారంలో కీలాగ్రాలు కూడా ఐదే. బెండ, మందారం, పత్తి ఒకే కుటుంబమట! ఇన్నేళ్ళుగా బెండకాయలు తరుగుతున్నా మేము ఒక్కనాడూ ఇది గమనించలేదు. దోసకాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరడం, ఎండుద్రాక్ష నీళ్ళలో ఉబ్బడం ద్రవాభిసరణమేనని చెప్పింది. ఇప్పుడు పిల్లలు కూడా పెసలు నానబెట్టి, ముందుగా వేరు వస్తుందా, మొలక వస్తుందా అని కాపలా కాస్తున్నారు.

పోయిన ఏడాది గురించి ఆమె ఇంకా బాధపడుతుంటే, ఆమె పాఠంలోనే ఉన్న ఒక సంగతి గుర్తు చేశాము. కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని కండరాలలో కనుగొన్నట్టు 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలోగాని గట్టెక్కలేదు. "అయితే నేను నయమే, రెండోసారే" అంది కోడలు. ఆమె అన్నట్టే రెండోసారి ప్రాక్టికల్స్ గట్టెక్కింది.

మీ ఇంట్లో భార్య, కోడలు, కూతురు ఎవరైనా ఇట్లా చదువుతున్న యెడల, "చదువుకో" అని ఊరుకోవద్దు. రోజులో వెలుతురు ఉన్నప్పుడే ఒక గంట ఆమెకు విడిచిపెట్టండి. ప్రాక్టికల్ తేదీలు అడిగి తెలుసుకోండి. చదివేవారికి మా సలహా ఒక్కటే. పేరు వల్లె వేసే ముందు వస్తువు చూడండి, చూసినదే గీయండి.

మా ఇంటి క్యాలెండరులో ఇప్పుడు ఆమె ప్రాక్టికల్ తేదీల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలున్నాయి. ఆ వారంలో మా చిన్నమ్మాయి ఏదో శుభకార్యం తలపెడితే, ముహూర్తం మార్చుకోమని మేమే చెప్పాము. వచ్చే నెల మరల కలుసుకుందాం.