పల్లేడియం లెక్కలో ఉంది, నీళ్లు లెక్కలో లేవు

నీళ్ల మీద రాస్తున్న వరుసలో ఇది ఏడో భాగం. పోయిన భాగం చదివి, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, మందుల తయారీకి కావాల్సిన రియాక్షన్లు ఇప్పుడు మేం నీళ్లలోనే చేస్తున్నాం. టోలీన్ గీలీన్ లేవు. ఇక కాలుష్యం ఎక్కడిది?" సంతోషమే తమ్ముడూ. ఆ నీళ్లు తర్వాత ఎటు పోతాయి?

కెమిస్ట్రీ తెలియనివాళ్ల కోసం కాస్త విడమరుస్తా. రెండు అణువుల్ని కార్బన్ దగ్గర అతికించడానికి పల్లేడియం వాడతారు. హెక్, నెగిషి, సుజుకీలకు 2010లో నోబెల్ ఇచ్చింది ఈ పనికే. అది ఖరీదైన లోహం. అందుకని పాలిస్టైరీన్ పూసలకు పట్టించి వాడతారు. పని అయ్యాక వడగడితే పూసలు చేతికొస్తాయి, కడిగి మళ్లీ వాడొచ్చు. జపాన్‌లో ఉవొజుమి బృందం ఆ పూసలకు నీళ్లతో కలిసిపోయే పాలిథిలీన్ గ్లైకాల్ గొలుసులు తగిలించి, రియాక్షన్‌ని నీళ్లలోనే నడిపించింది. మంచి పని, కాదనను.

కానీ ఇలాంటి పేపర్లు తిరగేయండి. పూసల్ని ఐదుసార్లు వాడాం, ప్రతిసారీ ఇంత దిగుబడి అని పట్టిక ఉంటుంది. నీళ్ల సంగతి చాలావాటిలో ఒక్క ముక్క ఉండదు. తయారైన పదార్థాన్ని తీయడానికి తరచుగా అదే నీళ్లలో ఇథైల్ అసిటేట్ పోసి కుదుపుతారు. అందులో కొంత నీళ్లలోనే మిగులుతుంది. వాడిన క్షారం, పుట్టిన ఉప్పులు, జారిన లోహం సరేసరి.

ఈ మరుపు పాతదే. కిలో సరుకుకి ఎన్ని కిలోల వ్యర్థం అని కొలిచే 'ఇ ఫ్యాక్టర్'ని 1992లో రోజర్ షెల్డన్ ఇచ్చాడు. మందుల పరిశ్రమకి అది 25 నుంచి 100 పైదాకా వచ్చింది. అందులో నీళ్లను కలపలేదు. కలిపితే అంకెలు మరీ పెరిగి పోల్చడం కష్టమన్నారు! కలిపి లెక్కేసే పద్ధతి తర్వాతెప్పుడో వచ్చింది.

లెక్కలోకి రాని నీళ్లు పటాన్‌చెరులో తేలాయి. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. "శుద్ధి" అయ్యాకే అంత! అక్కణ్ణుంచి వాగుల్లోకి, మంజీరాలోకి. మన ఊళ్లలో వాగు పల్లాన ఎవరి గుడిసెలుంటాయో, బురద ట్యాంకులోకి ఎవర్ని దింపుతారో మీకు నేను చెప్పాలా? పల్లేడియానికి ధర ఉంది కాబట్టి చుక్క పోకుండా వడగట్టారు.

తమ్ముడూ, వాడలోంచి ఆ ల్యాబు దాకా వెళ్లినవాడివి. నీ థీసిస్‌లో ఒక పట్టిక అదనంగా వెయ్యి. ఐదోసారి తర్వాత ఫ్లాస్కులో మిగిలిన నీళ్లలో లోహం ఎంత, సాల్వెంట్ ఎంత, ఉప్పెంత, దాన్ని ఎక్కడ పారబోశావు. గైడు వద్దంటే నాకు మెసేజ్ పెట్టు.

తర్వాతి భాగం ఆదివారం.