వేరుబుడిపె – బడిపాఠము

చిక్కుడుజాతి మొక్కల వేరుబుడిపెలలో నత్రజనిని స్థిరపరచు సూక్ష్మజీవులు గలవని మన పిల్లలు బడిలో వల్లె వేయుచున్నారు. కాని యా బుడిపెను కంట జూచినవారరుదు. మన చేలలోనే జీలుగ, జనుము, పిల్లిపెసర పెరుగుచుండగా నిట్లుండుట తగదని మా యభిప్రాయము.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను వరి దానిని నేరుగా గ్రహింపజాలదు. బుడిపెలుగల మొక్కలు దానిని పొందుచున్నవని 1886లో హెల్‌రీగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు తెలిపెను. 1888లో హాలెండు దేశీయుడగు బెయిజెరింక్ ఆ సూక్ష్మజీవిని వేరుపరచెను. మొక్క దానికి చక్కెర నిచ్చును. అది మొక్కకు నత్రజని నిచ్చును. మన సంఘసూత్రమును నిదియే గదా!

నెల దాటిన జీలుగ మొక్కను తడినేలనుండి మెల్లగా పెకలించి, బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల ఎర్రనిది పనిచేయుచున్నది. తెల్లనిది ఇంకను మొదలిడలేదు. ఆకుపచ్చనిది పని ముగించినది. యూరియా అధికమైన నేలలో బుడిపెలు తగ్గును. కొందరు వీనిని తెగులని భ్రమింతురు. నులిపురుగువలని యుబ్బు వేరులోనే కలిసియుండును. బుడిపె యన్ననో, వ్రేలితో నులిమిన నూడివచ్చును.

కావున జీలుగను పూతదశలో దున్ని కలియబెట్టుటకు ముందొకదినము ఉపాధ్యాయులను, పిల్లలను చేనికి పిలువుడు. పరీక్షకు ముందు విద్యార్థియు, ఎరువుబస్తా కొనుటకు ముందు రైతును ఒక్క బుడిపెను చీల్చి చూడవలెను. ఆ పాఠము ఇరువురికిని అక్కరకు వచ్చును.