పురిటికి ముందు తెలియవలసిన మాటలు

తమిళనాట తరతరాలుగా స్థిరపడిన మన ఇండ్లలో ఒక వాడుక ఉన్నది. ఆంధ్రదేశం నుండి కోడలిని తెచ్చుకొంటాము. ఇంట్లో తెలుగే గనుక ఆమెకు తమిళం రాకపోయినా రోజులు గడిచిపోతాయి. గడవని చోటు ప్రసూతి వార్డు. అక్కడ అత్తగారు వెంట లేని ఘడియలో నర్సుకు చెప్పుకోవలసినది ఆ పిల్లే. ఈ నెల ఈ పుటను నెలలు నిండిన అటువంటి కోడళ్ళ కోసం కేటాయిస్తున్నాము.

ముందు నొప్పుల సంగతి. తొమ్మిదో నెలలో పొట్ట బిగిసి వదలడం మామూలే. కాస్త నడిస్తేనో, పక్కకు తిరిగి పడుకొంటేనో తగ్గిపోతే అవి దొంగనొప్పులు. పోనుపోను దగ్గరపడి, బలం హెచ్చేవి నిజమైనవి. గడియారం దగ్గర పెట్టుకొనండి. అయిదేసి నిమిషాలకు ఒకసారి వచ్చి, ఒక్కొక్కటి నిమిషం సేపు నిలిచి, గంటసేపు అలాగే సాగితే బయలుదేరవలసినదే. తొలికాన్పుకు 12 గంటలు, ఒక్కొక్కప్పుడు 18 గంటలు కూడ పట్టవచ్చు. మలికాన్పు అంత వ్యవధి ఇవ్వదు. త్వరగా కావాలని ఇంట్లో ఆముదం పట్టించవద్దు.

కొన్నింటికి గడియారమూ అక్కరలేదు. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్ళాలి. ఆ నీరు ఆకుపచ్చగా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. రక్తం పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, తీవ్రమైన తలనొప్పితో కళ్ళు మసకలు కమ్మడం, 37 వారాలు నిండకముందే నొప్పులు రావడం, ఇవన్నీ వెంటనే వెళ్ళవలసినవే. వీటికి కూడ రాహుకాలం చూచే పెద్దలు ఇంకా ఉన్నారు. రాహుకాలం గంటన్నర; పోయే రక్తం అంతసేపు ఆగదు. 108కు ఫోను చేస్తే బండి ఉచితంగా వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో 2011 నుండి సిజేరియను సైతం ఉచితమే.

ఇక మాటలు. కాగితం మీద వ్రాసి ఆసుపత్రి కార్డులో పెట్టుకొనండి. నొప్పి అంటే ‘వలి’, తలనొప్పి ‘తలైవలి’, రక్తం ‘రత్తం’, ఉమ్మనీటి తిత్తి ‘పనిక్కుడం’. బిడ్డ కదలడం లేదని చెప్పాలంటే ‘కుళందై అసైయలే’. నర్సు ‘ముక్కుమ్మా’ అంటే మటుకు కంగారు పడనక్కరలేదు, ఆ మాట మనదీ వారిదీ ఒకటే! అయితే ఆమె చెప్పేవరకు ముక్కవద్దు. గర్భాశయ ద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోక ముందు ముక్కితే ఒంట్లో బలం వృథా.

ముర్రుపాలను వారు ‘సీంబాల్’ అంటారు. బిడ్డ పుట్టిన గంటలోపల పట్టించమని వారే చెబుతారు. ఆ పాలు పిండి పారబోయమనే అమ్మమ్మగారికి మాత్రం ఈ పుటను ముందుగానే చదివి వినిపించండి.