లారీ ఎక్కి వచ్చిన గోడ

మా అమ్మాయి కాపురం అమెరికాలో ఓ చిన్న ఊళ్లో. కిందటేడు అక్కడ ఉండగా ఓ మంగళవారం రోడ్డు మీద మోటారుసైకిళ్ల హోరు వినబడి వాకిట్లోకి వచ్చాను. ముందు పోలీసు కారు. వెనక వరసలు కట్టి బైకులు, వాటి మీద తెల్లగడ్డాల పెద్దమనుషులు. వాళ్ల వెనక నిదానంగా ఓ పొడుగాటి లారీ. రోడ్డుకు రెండు వైపులా జనం జెండాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కేకల్లేవు, చప్పట్లు కూడా ఎక్కడో ఒకటీ అరా. మన దగ్గర ఇంత ఊరేగింపు జరిగితే బండిలో దేవుడన్నా ఉంటాడు, నాయకుడన్నా ఉంటాడు. ఇందులో ఉన్నది గోడ.

వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో పోయిన అమెరికన్ల పేర్లు చెక్కిన నల్లరాతి గోడ ఉంది కదా, దాని నకలు ఇది. అసలుదాంట్లో ముప్పాతిక వంతు. 53 అడుగుల ట్రైలరులో పలకలు పలకలుగా వస్తుంది. బుధవారం ఊరివాళ్లే పాతిక ముప్ఫై మంది చేరి, ఆటస్థలంలో అల్యూమినియం చట్రాలు నిలబెట్టి, 140 పలకలు వరసగా బిగించారు. చీకటి పడేసరికి 375 అడుగుల గోడ లేచింది. కొసల్లో పాదాల ఎత్తున మొదలై, నడిమధ్య మూల తిరిగే చోటికి వచ్చేసరికి ఏడున్నర అడుగులై మనిషిని మించిపోతుంది. గురువారం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా రాత్రింబగళ్లు తెరిచే ఉంచుతారట. అర్ధరాత్రి రెండింటికి ఎవరొస్తారండీ అని అక్కడ పని చూస్తున్న ఒకావిడను అడిగాను. ‘పగలు రాలేనివాళ్లు’ అందావిడ.

నాకు ఆ జవాబు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

అసలు గోడ కథ చాలామందికి తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. జ్యాన్ స్క్రగ్స్ అనే మాజీ కార్పొరల్ 1979లో ‘ద డీర్ హంటర్’ సినిమా చూసొచ్చి, ఆ రాత్రి నిద్రపట్టక, పోయినవాళ్లందరి పేర్లతో ఓ స్మారకం కట్టాలనుకున్నాడు. ప్రభుత్వం స్థలమిచ్చింది. 84 లక్షల డాలర్ల ఖర్చు మాత్రం చందాలే. నమూనాల పోటీకి 1,421 ఎంట్రీలు వస్తే, పేర్లు దాచి నంబర్లు చూసి ఎంచిన న్యాయనిర్ణేతలకు నచ్చింది మాయా లిన్ గీసినది. ఆమెకు 21 ఏళ్లు, ఇంకా యేల్‌లో చదువుకుంటోంది. అదే నమూనాకు క్లాసులో ఆమెకొచ్చింది బి గ్రేడు. విగ్రహం లేదు, గుర్రం లేదు, జెండా లేదు, నేలలోకి దిగిన నల్లగోడ ఏమిటని పెద్ద గొడవ జరిగింది. చైనా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పుట్టిన పిల్ల అని కూడా కొందరు నోరు పారేసుకున్నారు. 1982 నవంబరు 13న గోడను జాతికి అంకితం చేశారు. ఆ నల్లరాయి మన బెంగళూరు వైపుది. కెనడా, స్వీడన్ రాయి వద్దనుకున్నారనీ, యుద్ధానికి పోనని పారిపోయిన కుర్రాళ్లకు ఆ దేశాలు చోటివ్వడమే కారణమనీ చెబుతారు. రాతికి కూడా రాజకీయం అంటుతుందన్నమాట. చీమకుర్తి క్వారీల రాళ్లు ఓడలెక్కడం చూసిన మనకు, మన నేలలోంచి తీసిన రాయి ఎవరి దుఃఖాన్ని మోయడానికి ఎక్కడికి పోతుందో ఎప్పుడూ తెలియదు.

మాయా లిన్ పట్టుబట్టి సాధించుకున్న విషయం ఒకటుంది. పేర్లు అక్షరక్రమంలో వద్దంది. పోయిన రోజు వరసలోనే ఉండాలంది. స్మిత్‌లే వందల మంది ఉన్నారు మరి. అక్షరక్రమంలో పెడితే టెలిఫోను డైరెక్టరీ అయ్యేది. ఇప్పుడు గోడ నడిమధ్య మూలలో 1959తో మొదలై, కుడివైపు చివరిదాకా పోయి, ఎడమవైపు చివర మళ్లీ అందుకుని, 1975తో అదే మూలకు చేరుతుంది. మొదటివాళ్లూ చివరివాళ్లూ పక్కపక్కనే. హోదాలు లేవు. పేరు పక్కన తేదీ లేదు. వెళ్లినవాడికి తేదీ తెలుసు. ఒకేనాడు ఒకే చోట పడిపోయినవాళ్లు గోడ మీద కూడా ఒకే చోట ఉంటారు. అందుకే మాజీ సైనికులు అక్కడ పేరు వెతకరు, రోజును వెతుకుతారు. పలక నంబరు, వరస నంబరు చూసుకుని, వేలు పెట్టి నడుపుకుంటూ పోయి ఓ చోట ఆగుతారు. అక్కడి నుంచి వేలు ముందుకూ వెనక్కూ కదులుతుంది. అది ఆ ఒక్క మధ్యాహ్నం.

పేరు పక్కన చిన్న గుర్తుంటుంది. వజ్రం గుర్తుంటే మరణం నిర్ధారణ అయిందని. సిలువ గుర్తుంటే ఆచూకీ లేదని. ఎముక ముక్క దొరికి గుర్తుపడితే సిలువ మీద వజ్రం చెక్కుతారు. ఆచూకీ లేనివాడు ప్రాణాలతో తిరిగొస్తే సిలువ చుట్టూ సున్నా చుట్టాలని ముందే రాసిపెట్టుకున్నారు. ఆ సున్నా ఇంతవరకు ఒక్కటీ చెక్కలేదు.

సరే, అంత గోడ అక్కడ ఉండగా ఈ లారీ ఎందుకు? 1982లో ఆ అంకితోత్సవానికి వెళ్లొచ్చిన జాన్ డెవిట్ అనే మాజీ సైనికుడికి, ఇది రాలేనివాళ్ల దగ్గరికి పోవాలి అనిపించింది. తోటివాళ్లను కూడగట్టి సగం కొలతతో ఒక నకలు తయారుచేసి, 1984 అక్టోబరులో టెక్సస్‌లోని టైలర్ ఊళ్లో మొదటిసారి నిలబెట్టాడు. వాషింగ్టన్‌లో స్మారకం కట్టించిన సంస్థ 1996లో తన నకలును తానే బయల్దేరదీసింది. నేను చూసింది ఆ సంస్థదే. ఆ సంస్థ నకలు 1999లో ఐర్లండుకు కూడా వెళ్లొచ్చింది. అక్కడ పుట్టి అమెరికా తరఫున పోరాడి చచ్చిపోయినవాళ్లు ఉన్నారు.

రాలేనివాళ్లంటే టికెట్టు డబ్బుల్లేనివాళ్లో, మోకాళ్ల నొప్పులవాళ్లో అనుకున్నాను. వాళ్లూ ఉన్నారు. గురువారం పొద్దున మాత్రం ఇంకోరకం మనిషి కనబడ్డాడు. టోపీ మీద వియత్నాం అని కుట్టి ఉంది. గోడకు ముప్ఫై నలభై అడుగుల ఇవతల చెట్టు కింద మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఫ్లాస్కు. మధ్యాహ్నం చూస్తే అక్కడే. సాయంత్రం మనవణ్ని తీసుకుని వెళ్లినప్పుడూ అక్కడే. శుక్రవారం కూడా అంతే. లేచి గోడ దగ్గరికి పోడు, లేచి ఇంటికీ పోడు.

అతని దగ్గరికి మిగతావాళ్లు వస్తారు. వచ్చినవాడు నమస్కారం గిమస్కారం ఏమీ లేకుండా పక్కన నిలబడి గోడవైపే చూస్తూ అడుగుతాడు.

‘ఏ ఏడు?’

‘అరవై ఎనిమిది.’

‘ఎక్కడ?’

‘కూచీ. నువ్వు?’

‘డానాంగ్. డెబ్భై.’

కాసేపు ఊరుకుంటారు. ‘వెల్‌కం హోమ్, బ్రదర్’ అంటాడొకడు. రెండోవాడు అదే మాట తిరిగి అంటాడు. అంతే, చెయ్యి కలిపి వెళ్లిపోతాడు.

యాభై ఏళ్ల తరవాత స్వాగతమేమిటి అనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం నుంచి వచ్చిన చాలామంది సైనికులు దండుతో కలిసి ఓడల్లో రోజుల తరబడి ప్రయాణించి వచ్చారు. చూసినవన్నీ దారిలో ఒకరికొకరు చెప్పుకున్నారు. వియత్నాంకు పంపడం అలా కాదు. మనిషికి ఒక ఏడాది లెక్క. గడువు ముగిసినవాడు ముగిసినట్టు ఒంటరిగా విమానమెక్కి వచ్చేవాడు. మొన్న అడవిలో తుపాకీ పట్టుకున్నవాడు ఇవాళ అమ్మ వంటగదిలో. చెప్పుకుందామంటే తోటివాడు అక్కడే ఉండిపోయాడు. ఊరు ఆ యుద్ధం పేరెత్తితే మొహం తిప్పుకుంది. ఎవరూ అనని ఆ మాటను వాళ్లే ఒకళ్లకొకళ్లు అనుకోవడం మొదలుపెట్టారు.

కార్తీకమాసం చివర పల్నాడులో కారంపూడికి వెళ్లినవాళ్లకు ఈ దృశ్యంలో ఏదో తెలిసిన వాసన తగులుతుంది. ఊరూరా వీరాచారవంతులు కాపాడుకొచ్చిన కొణతాలు, అంటే పల్నాటి యుద్ధంలో పోయిన వీరుల ఆయుధాలు, భుజాన మోసుకొచ్చి నాగులేటిలో కడిగి వీరుల గుడి దగ్గరికి చేరుస్తారు. ఉత్సవంలో మందపోరు అనే రోజున అందరూ ఒకే పంక్తిలో తినే చాపకూడు. అక్కడ వీరులు ఊళ్ల నుంచి ఒక్కచోటికి వస్తారు, ఇక్కడ ఒక్కచోటి నుంచి ఊళ్లకు పోతారు. ఇంకో తేడా వయసుది. పల్నాటి ఏడుపు ఎనిమిది వందల ఏళ్లలో కథయిపోయింది, పాటయిపోయింది. ఈ గోడ ముందు పలకమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది పేరు ఎక్కించుకుంటున్న ముసలావిడ ఎవరికి భార్యో, ఎవరికి చెల్లెలో. కాగితం మీద ఒక్కో అక్షరం తెల్లగా పైకి తేలుతుంటే ఆవిడ పెన్సిలు ఆపి, పొడి ఊది, మళ్లీ మొదలుపెట్టింది.

మన సాహిత్యంలో యుద్ధాలకు కొదవలేదు. యుద్ధం నుంచి ఇంటికొచ్చి గడపలో కూర్చున్నవాడు మాత్రం నాకు అరుదుగానే తగిలాడు. మా వీధి చివర బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని కూర్చునే మాజీ సైనికుణ్ని నేను కొన్నేళ్లుగా చూస్తున్నాను. టోకెను ఎక్కడ తీసుకోవాలి అని తప్ప ఇంకేమీ అడగలేదు.

ఆ గోడ మీద లేనివాళ్ల గురించి కూడా చెప్పాలి. యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ విషంతో ఇరవై ముప్ఫై ఏళ్లకు పోయినవాళ్ల పేర్లుండవు. ఇంటికొచ్చి తమ చేతులతో తామే ప్రాణం తీసుకున్నవాళ్లవీ ఉండవు. వాళ్లందరికీ కలిపి వాషింగ్టన్‌లో 2004లో నేలమీద ఓ ఫలకం పెట్టారు, పేర్లు లేకుండా. ఇక వియత్నామీలు. 1995లో ఆ దేశ ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం పోయినవాళ్లు పోరాడినవారిలో 11 లక్షలు, మామూలు జనంలో 20 లక్షలు. 58 వేల పైచిలుకు పేర్లకు ఈ నకలు 375 అడుగులయితే, వాళ్ల పేర్లు ఇదే కొలతలో రాస్తే గోడ ఆరు కిలోమీటర్లవుతుంది. కూచీ అన్నాడే ఆ పెద్దమనిషి, కూచీలో ఊళ్లకు ఊళ్లు సొరంగాల్లో బతికాయి. ఈ గోడను తక్కువ చేయడానికి ఈ లెక్క చెప్పడం లేదు. ముసలావిడ పెన్సిలు పట్టిన తీరు చూశాక తక్కువ చేయడం నా వల్ల కాదు. కానీ ఆ ఆరు కిలోమీటర్లు నా బుర్రలోంచి పోలేదు.

ఆదివారం రెండింటికి పలకలు విప్పడం మొదలుపెట్టారు. గోడ మొదట్లో జనం వదిలిపోయిన ఉత్తరాలు, ఫొటోలు, ఓ జత బూట్లు, మూత తీయని బీరు డబ్బా ఒకటి, అన్నీ జాగ్రత్తగా పెట్టెలోకి ఎత్తుతున్నారు. కుర్చీ మనిషి లేచాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి గోడవైపు నడిచాడు. సగం దూరం వెళ్లి, ట్రైలరు దగ్గర తాళ్లు బిగిస్తున్న కుర్రాణ్ని పిలిచి, తరవాత ఏ ఊరని అడిగాడు. కుర్రాడు చెప్పాడు. ఆయన చొక్కాజేబులోంచి కాగితం తీసి, ఆ ఊరి పేరు స్పెల్లింగు మళ్లీ ఒకసారి చెప్పించుకుని రాసుకున్నాడు. తిరిగొచ్చి కుర్చీ మడిచాడు.