టెంటు సరే, మేకుల సంగతేంటి?

హాస్టల్లో ఎవరైనా కొత్త టెంటు కొంటే మనం అడిగే ప్రశ్నలు మూడే. ఎంతమంది పడతారు? వాన ఆగుతుందా? ఎంతకొచ్చింది? "పెగ్గులెలా ఉన్నాయి?" అని నేనడిగితే మాత్రం గదంతా నవ్వుతుంది, మాట ఇంకో రకం పెగ్గుల మీదికి పోతుంది. సరే, మేకులనే అందాం.

నా వాదన ఒక్కటే. చవక టెంటుతో మంచి మేకులుంటే రాత్రి గడిచిపోతుంది. ఖరీదైన టెంటుతో చెత్త మేకులుంటే అర్ధరాత్రి గాలివానలో గుడ్డ పట్టుకుని కూర్చోవాలి. ట్రెక్కింగ్ కర్రల మీద నిలబెట్టే టెంటైతే మరీనూ. దానికి సొంత చట్రం ఉండదు, మేకు లేస్తే ఇల్లే లేస్తుంది.

మేకు రెండు రకాలుగా ఓడిపోతుంది. ఒకటి, మేకే వంగిపోవడం. రెండు, మేకు బాగానే ఉన్నా మట్టి దాన్ని వదిలేయడం. మొదటిది లోహానికీ ఆకారానికీ సంబంధించింది. రెండోది నేలకు సంబంధించింది. మన్నిక అనగానే మనం మొదటిదాన్నే చూస్తాం, అదీ సగమే చూస్తాం.

చవక టెంట్లతో సాధారణంగా వచ్చేది కొస వంచిన సన్న ఇనుప కమ్మి. 4 మిల్లీమీటర్ల మందం, 18 సెంటీమీటర్ల పొడవు అనుకుంటే బరువు దాదాపు 18 గ్రాములు. అదే కొలతలో టైటానియం అయితే 10 గ్రాములు, అల్యూమినియం అయితే 6. ఇక్కడే చాలామంది "టైటానియం కొనేద్దాం" అంటారు. కానీ బిగువు విషయంలో టైటానియం ఉక్కు కన్నా మెరుగేమీ కాదు. ఉక్కు యంగ్స్ మాడ్యులస్ దాదాపు 200 గిగాపాస్కల్స్, టైటానియంది 110, అల్యూమినియంది 70. పైగా బరువు తగ్గించడానికి టైటానియం మేకుల్ని ఇంకా సన్నగా చేస్తారు. గుండ్రటి కమ్మి బిగువు వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుందని స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో చదివాం కదా! 4 మిల్లీమీటర్ల నుంచి 3కి వస్తే బిగువు మూడో వంతుకు పడిపోతుంది. పరీక్షలో రాసి మర్చిపోయిన సూత్రం కొండ మీద గుర్తుకొస్తే ఏం లాభం?

అందుకే లోహం పేరు కన్నా ఆకారం ముందు చూడాలి. అడ్డంగా కోస్తే ఇంగ్లీషు వై అక్షరంలా కనిపించే అల్యూమినియం మేకులు దొరుకుతాయి. మూడు రెక్కలు లోహాన్ని మధ్య నుంచి దూరంగా పెడతాయి కాబట్టి అవి తేలిగ్గా వంగవు. ఆ రెక్కలే మట్టికి ఎక్కువ పట్టునిస్తాయి. కొనేటప్పుడు మిశ్రలోహం కూడా అడగండి. 6061-టీ6 దాదాపు 275 మెగాపాస్కల్స్ దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడితే, 7075-టీ6 దాదాపు 500 వరకు ఓర్చుకుంటుంది. బరువులో తేడా చేతికి తెలియదు. "అల్యూమినియం" అని మాత్రమే రాసి నంబరు చెప్పకపోతే నేనైతే కొనను.

ఇక నేల. మన రాష్ట్రాల్లో ఒక్క మేకుతో అన్నిచోట్లా నెగ్గుకురాలేం. అనంతగిరి ఎర్రరాతి నేలలో, కంకరలో వెడల్పు రెక్కలు దిగవు. అక్కడ మందపాటి ఉక్కు మేకు రాళ్ల సందు వెతుక్కుని దిగుతుంది. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే ముద్ద. సాయంత్రం గట్టిగా దిగిన మేకే రాత్రి వానకి వదులైపోతుంది, పొడవాటి రెక్కల మేకు కావాలి. సముద్రపు ఇసుకలో నిలువుగా పాతింది ఏదీ ఆగదు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అడ్డంగా పూడ్చేయడమే దారి. భువనగిరి లాంటి రాతిగుట్ట మీద మేకు మాటే లేదు, పెద్ద రాళ్లకు తాడు కట్టుకోవాలి.

"ఇంత అవసరమా? మా తాత తుమ్మకర్ర చెక్కి గేదెను కట్టేవాడు" అంటాడు నా రూమ్మేట్. నిజమే, ఆ కట్టుకొయ్య టెంటు మేకు కన్నా బలమైందే. కానీ మీ తాత ఏ కర్ర పడితే ఆ కర్ర చెక్కలేదు, ఎక్కడ పడితే అక్కడ పాతలేదు. చేవ చూసి నరికాడు, నేల చూసి దిగేశాడు. నేను చెప్పేదీ అదే. మనమేమో ఆ చూపు లేకుండా, అడవిలో పచ్చికొమ్మలు విరిచి పని కానిద్దాం అనుకుంటున్నాం.

మన్నిక గురించి ఇంత పట్టుబట్టడానికి నాకు ఇంకో కారణం ఉంది. పోయిన చలికాలం పాడేరు వైపు వెళ్లినప్పుడు, ఒక రైతును అడిగి ఆయన కోతలైపోయిన చేలో టెంట్లు వేసుకున్నాం. పొద్దున్నే ఆయన వచ్చి ముందడిగింది మేకుల గురించే. "అన్నీ ఏరేసినారా బాబూ? దున్నేటప్పుడు ఎద్దు కాలికి దిగిపోద్ది." చూరులోంచి తీసి ఒక మేకు చూపించాడు. ఎవరో వదిలేసి వెళ్లింది, కొక్కెంలా వంగి తుప్పు పట్టింది. వంగిన మేకు మట్టిలోంచి సులువుగా రాదు. రాని మేకును వదిలేసి బస్సెక్కడం సులువు. మనకు పోయింది పది రూపాయల ఇనుము. ఆయనకు పోయేది ఎద్దు, ఆ ఏటి సేద్యం. కాబట్టి నా లెక్కలో మన్నికైన మేకంటే గాలికి ఆగేది మాత్రమే కాదు, పొద్దున్నే చక్కగా పైకొచ్చి మనతోపాటు ఇంటికొచ్చేది.

ఇదీ నా సలహా. 7075 మిశ్రలోహంతో చేసిన వై ఆకారపు మేకులు ఎనిమిది, ఉక్కు మేకులు రెండో మూడో కొనండి. ఖర్చు రెండు మూడు బిర్యానీలు. తాడుకీ మేకుకీ మధ్య దాదాపు లంబకోణం ఉండేలా, తల టెంటుకు అవతలివైపు వాలేలా, తల దాకా దిగ్గొట్టండి. ప్రతి మేకుకీ ఎర్రటి దారం ముక్క కట్టండి. లాగడానికీ పనికొస్తుంది, గడ్డిలోనూ కనబడుతుంది. పాతేముందు ఎన్నో లెక్కపెట్టండి, బయల్దేరేముందు మళ్లీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా, బస్సు పోతే పోయింది, వెతికాకే కదలండి.