దాణాలో కలిపిన ఆఖరి మందు

మందు రోగి కోసం. ఏ జబ్బూ లేని కోడికి, అది త్వరగా బరువు పెరగాలని మందు పెడితే? కోడికి ఏమీ కాకపోవచ్చు. దాని మూల్యం మాత్రం ఎక్కడో ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషి చెల్లించవలసి వస్తోంది. కొలిస్టిన్ అనే మందు కథే ఇందుకు నిదర్శనం.

కొలిస్టిన్ 1950ల నాటి యాంటీబయాటిక్. మూత్రపిండాలకు హాని చేస్తుందని తర్వాతి కాలంలో వైద్యులు దాన్ని దాదాపు పక్కన పెట్టేశారు. ఈలోగా బాక్టీరియా ఒక్కొక్క మందునూ తట్టుకోవడం నేర్చుకున్నాయి. బలమైన మందులన్నీ విఫలమైన రోగులకు చివరికి మళ్లీ కొలిస్టినే దిక్కయింది. ఆస్పత్రుల్లో ఇలా ఆఖరి అస్త్రంగా దాచుకున్న మందును పశువుల పెంపకంలో మాత్రం దాణాలో కలిపి మేపుతూ వచ్చారు.

ఫలితం 2015 నవంబరులో బయటపడింది. కొలిస్టిన్‌ను తట్టుకునే శక్తినిచ్చే ఎంసీఆర్-1 అనే జన్యువును చైనా శాస్త్రవేత్తలు గుర్తించారు. వారు పరీక్షించిన 523 పచ్చి మాంసం నమూనాల్లో 78 చోట్ల, 1,322 మంది ఆస్పత్రి రోగుల్లో 16 మందిలో అది కనిపించింది. పొరుగింటి నుంచి పొయ్యిలోకి నిప్పు తెచ్చుకున్నంత సులువుగా ఒక బాక్టీరియా నుంచి మరో బాక్టీరియాకు ఈ జన్యువు అందుతుంది. దాన్ని మొదట పంది నుంచి సేకరించిన బాక్టీరియాలో కనుగొన్నారు. కనుక మనకు సంబంధం లేదని ఊరుకోవడానికి వీల్లేదు. కోడి మాంసంలోనూ అది ఉంది.

మాంసం బాగా ఉడికితే బాక్టీరియా చస్తుంది, నిజమే. కాని పచ్చి మాంసం పట్టిన చేతికి, కోసిన కత్తికి, దుకాణంలోని మొద్దుకు అంటుకున్నది ఉడకదు. అదే కత్తితో కీరా కోస్తే చాలు. ఫారంలో పనిచేసే కూలీ చేతుల మీదుగా, పొలానికి తోలే కోళ్ల ఎరువు ద్వారా, వాన నీటితో కలిసి కూడా అది ప్రయాణిస్తుంది. మాంసం ముట్టని వారికీ ఇందులో మినహాయింపు లేదు.

ఈ తప్పును సరిదిద్దుకునే దారి లేకపోలేదు. చైనా 2017లో దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని నిషేధించింది. ఆ తర్వాత జరిపిన పరిశీలనల్లో పశువుల్లోనూ, మనుషుల్లోనూ ఆ మొండి బాక్టీరియా గణనీయంగా తగ్గినట్లు తేలింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2019 జూలైలో ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. ఇది హర్షించదగిన చర్యే. అయితే నిషేధించింది ఒక్క మందును. జబ్బు లేకపోయినా మందు పెట్టే అలవాటు మారకపోతే రేపు మరో మందుకు ఇదే గతి పడుతుంది.

మందులకు లొంగని బాక్టీరియా నేరుగా బలిగొన్నవారు 2019లో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేల మంది అని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. ఈ పాపమంతా కోళ్ల ఫారాలదే అనడం న్యాయం కాదు. డాక్టరు చీటీ లేకుండా మాత్రలు కొని, రెండు రోజులు మింగి మానేసే మనమూ ఇందులో భాగస్థులమే.

జబ్బుపడిన మూగజీవికి వైద్యం చేయవద్దని మేము అనడం లేదు. పశువైద్యుడు చూసి, చెప్పినన్ని రోజులే మందు వాడాలని, కోతకు ముందు పాటించవలసిన గడువు పాటించాలని కోరుతున్నాం. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే అగ్రస్థానంలో ఉంది, తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. మంచి అలవాటుకు నాంది పలకవలసింది ఇక్కడే. శుభ్రమైన షెడ్డు, సకాలంలో టీకాలు ఉంటే మందుల అవసరమే చాలావరకు తగ్గుతుంది.

ఇక కొనేవారి సంగతి. హలాలా కాదా అని అడిగి మరీ కొనే మనం, ఆ కోడి ఏం తిని పెరిగిందో ఎన్నడైనా అడిగామా? తినేది హలాల్ అయితే చాలదు, తయ్యిబ్, అంటే పరిశుభ్రమైనది కూడా కావాలన్నది మనకు తెలియని మాట కాదు. అడిగేవారు పెరిగితే దుకాణదారుడు ఫారం యజమానిని అడుగుతాడు. చట్టం చేరలేని చోటికి ఈ ప్రశ్న చేరుతుంది. మన పిల్లలకు జబ్బు చేసిన నాడు మందు పనిచేయాలంటే, ఆ ప్రశ్న నేడే అడగాలి.