అవునో కాదో చెప్పించండి

తెలంగాణ కార్మిక శాఖ కమిషనర్ గారికి,

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం తిరుగుతున్న పిల్లల తరఫున రాస్తున్నాను.

ఆన్‌లైన్ పరీక్షలో చూపు కాస్త పక్కకు తిరిగితే చాలు, తెర మీద హెచ్చరిక. అది దాటితే టెక్నికల్ రౌండ్లు, ఆపైన మేనేజర్, హెచ్‌ఆర్. బైనరీ ట్రీని తలకిందులు చేసే కోడ్ రాయమంటారు. తీరా చేరాక చాలామందికి దక్కేది టికెట్లు మూసే సపోర్టు పని! సరే, వడపోత వాళ్లిష్టం. కానీ మా అమ్మాయికి అన్ని రౌండ్లూ అయ్యాక ‘రెండు రోజుల్లో చెబుతాం’ అన్న కంపెనీ నుంచి ఇప్పటికీ ఫోన్ లేదు, మెయిల్ లేదు. ఆ ఆశతోనే చేతిలో ఉన్న ఇంకో ఆఫర్ వదులుకుంది. డబ్బు కడితే బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు ఇలా విసిగిపోయిన పిల్లలే దొరుకుతున్నారు.

1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు ప్రభుత్వం షరతులతో మినహాయింపు ఇస్తూ వస్తోంది. ఆ షరతుల్లో ఇంకొకటి చేర్పించండి: ఇంటర్వ్యూకు హాజరైనవారికి 15 రోజుల్లో అవునో కాదో రాసి చెప్పాలి, ఆఫర్ లెటర్లో చేరే తేదీ వేయాలి. చేరేదాకా వీళ్లు ఉద్యోగులు కారు, మా పరిధిలోకి రారని మీ కార్యాలయం అనవచ్చు. అందుకే మినహాయింపు పొడిగించేటప్పుడే ఈ మాట రాయించమంటున్నాను.

ఇట్లు,
ఒక అభ్యర్థి తల్లి,
హైదరాబాద్